నీరడి నూనె

సుశ్రుతసంహితయందు తువరకమను వృక్షము పేర్కొనబడినది. దాని గింజల తైలము కుష్ఠునకు మందని అందు చెప్పబడెను. ఈ జాతి గింజలనే మనవారు నీరడి విత్తులందురు. పడమటి కనుమలలో ఈ చెట్లు పెరుగును. తైలమును త్రాగినచో వాంతులగును గనుక, మందుకంటె రోగమే మేలని మానుకొన్నవారు పెక్కండ్రు.

ఈ వ్యాధి పూర్వపాపము వలన గాక సూక్ష్మజీవి వలన కలుగునని 1873లో నార్వే వైద్యుడు హాన్సెను కనిపెట్టెను. ఇక తైలమును సూదితో నెక్కించి చూచిరి. అది రక్తములో కలియక చర్మము క్రింద గడ్డకట్టి మిక్కిలి బాధించుచుండెను. 1915 ప్రాంతమున హవాయి కళాశాలలో రసాయనశాస్త్రము బోధించుచుండిన ఆలిస్ బాల్ అను నల్లజాతి యువతి, ఆ తైలములోని ఆమ్లములను రక్తములో నింకునట్లు మార్చు విధమును సాధించెను. 1916లో, ఇరువదినాలుగేండ్లకే, ఆమె మరణించెను. కళాశాలాధ్యక్షుడు డీను ఆ పద్ధతిని ఆమె పేరైనను చెప్పక ప్రకటించెను. బోధకవృత్తిలోనున్న నాకు ఈ సంగతి తలచినప్పుడెల్ల మనస్సు కలుక్కుమనును.

మన తెలంగాణమున, నిజామాబాదునకు చేరువనున్న డిచ్‌పల్లిలో, వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు 1915లో కుష్ఠురోగుల చికిత్సాలయమును స్థాపించిరి. రాజా నర్సాగౌడుగారు అందుకు ధనసహాయము చేసిరి. కలకత్తాలో రాజర్సు, మ్యూర్ దొరలు పరిశోధించిన ఈ తైలపు సూదిమందునే అక్కడ వాడిరి. అది సంపూర్ణముగా కుదుర్చునదని చెప్పజాలను. కొందరికి మచ్చలు తగ్గెను, కొందరికి రోగము తిరుగబెట్టెను. 1941లో అమెరికాలో సల్ఫోను మందులు ఫలించిన పిమ్మట తైలము క్రమముగా మూలబడెను. ఐనను అది వ్యర్థమని నేననను. అంతవరకు దాగియుండినవారు, మందు కలదను మాట విని, తమంతట తాము వెలుపలికి వచ్చిరి.

ఇదంతయు నేనేల చదివితినందురా? కొన్నేండ్ల క్రిందట మా కోడేరులో ఒక బాలుని ముంజేతిమీద పాలిపోయిన మచ్చ కనబడినది. సూదితో తాకినను వానికి తెలియలేదు. ఈ వార్త పొక్కగనే, వానిని వేరుగా కూర్చుండబెట్టుడని కొందరు తలిదండ్రులు నన్నడిగిరి. వాని తండ్రి మాత్రము, "ఇది పసరుమందుతోని పోదా సారూ?" అని మెల్లగా నడిగెను. నీరడి నూనె కథ ఆయనకు చెప్పితిని. ఇప్పుడంతకంటె గట్టి మందులున్నవనియు, అవి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా నిత్తురనియు, వానిని మ్రింగుచున్నవానినుండి రోగము సోకదనియు, మిగిలిన తలిదండ్రులకును చెప్పితిని. ఇద్దరు నమ్మక తమ పిల్లలను వారము దినములు బడికి పంపలేదు.

బాలుడు ఆరు మాసములు మాత్రలు మ్రింగెను. వాని చోటు బల్లమీద మార్చలేదు.