జడ్జిగారూ, అమ్మ తీర్పూ

మీరు నవ్వుతారేమో గానీ, నేను అమెరికాలో తుపాకీ కొనడానికి కారణం హీరో కృష్ణ!

1971లో విడుదలైన 'మోసగాళ్ళకు మోసగాడు' నేను చూసింది ఆరేళ్ళ తర్వాత. తెనాలి దగ్గర మా ఊరి టూరింగు టాకీసులో, నేల టిక్కెట్టు మీద. ఆ టోపీ, ఆ గుర్రం, నడుముకి వేలాడే ఆ రివాల్వరు! మర్నాడు కందికంప నడుముకి దోపుకుని ఢాం ఢామ్మంటూ వీధులన్నీ తిరిగి, సాయంత్రం అమ్మ చేత వీపు విమానం మోత మోగించుకున్నాను.

ముప్ఫయ్ అయిదేళ్ళు గడిచాయి. 2012లో టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర ఇల్లు కొన్నాం. పెరట్లో పాములు తిరుగుతాయన్నారు. అదే వంక! గ్రీన్‌కార్డు ఉంది కదాని తుపాకుల షాపుకి వెళ్ళాను.

అద్దాల బల్లలో ఉంది 'జడ్జి'. బ్రెజిల్ కంపెనీ టారస్ వాళ్ళ రివాల్వరు. మయామీలో కొందరు న్యాయమూర్తులు ఆత్మరక్షణకి కొనుక్కుంటున్నారని తెలిసి, 2006లో ఆ పేరు పెట్టారట. గుండ్రంగా తిరిగే చక్రంలో అయిదు గదులు. వాటిల్లో 1873 నాటి కౌబాయ్‌లు వాడిన .45 కోల్ట్ తూటా పడుతుంది. పిట్టల వేటకి వాడే .410 షాట్‌గన్ తూటా కూడా పడుతుంది. ఒకే పిస్తోలు, రెండు వేషాలు. ద్విపాత్రాభినయమన్నమాట! ఫారం నింపాను, కంప్యూటర్లో నా పుట్టుపూర్వోత్తరాలు చూశారు, డబ్బు కట్టాను. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు.

మొదటి ఆదివారం షూటింగ్ రేంజికి వెళ్ళాను. (మన షూటింగ్ కాదు లెండి!) పది గజాల దూరంలో మనిషి బొమ్మ గీసిన కాగితం. షాట్‌గన్ తూటా వేసి పేల్చాను. దగ్గరికి తెచ్చి చూస్తే బొమ్మ గుండె దగ్గర దాదాపు ఖాళీ. చుట్టూ మాత్రం గారెలా గుండ్రంగా చిల్లులే చిల్లులు!

పక్కనున్న పెద్దాయన సంగతి చెప్పాడు. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్ళుంటాయి. అవి లేకపోతే 1934 నాటి చట్టం దాన్ని మామూలు పిస్తోలుగా ఒప్పుకోదు. ఆ గాళ్ళే సన్న సీసపు గుళ్ళని గిరగిరా తిప్పి చెదరగొడతాయి. "గురిపెట్టినవాడికి తగలవచ్చు, తగలకపోవచ్చు. పక్కనున్నవాళ్ళు మాత్రం జాగ్రత్త" అన్నాడు. నవ్వేసి వచ్చేశాను.

మరుసటి ఏడు అమ్మ ఇండియా నుంచి వచ్చింది. రెండో రాత్రి మూడింటికి వంటింట్లో చప్పుడు. దొంగే అనుకున్నాను. పరుపు కింద జడ్జిగారు సిద్ధంగా ఉన్నారు. తీశాను. గుండె దడదడ, చెయ్యి గడగడ. చీకట్లో ఓ ఆకారం కదిలింది. వేలు మీట మీదికి వెళ్ళింది.

లైటు వెలిగింది. ఎదురుగా అమ్మ! మన పగలు అక్కడ రాత్రి కదా, నిద్రపట్టక కాఫీ పెట్టుకుంటోంది.

నా చేతిలోది చూసింది. అరవలేదు. గ్లాసు కింద పెట్టి, "ఒరేయ్, సినిమాలో చచ్చినవాడు మర్నాడు లేచి కాఫీ తాగుతాడు. నేను లేవగలనుట్రా?" అంది.

నాకు నోట మాట రాలేదు. కళ్ళముందు ఆ కాగితమే, ఆ చిల్లులే. అమ్మ వెనక గోడ. ఆ గోడ అవతల మా పిల్లలు పడుకున్న గది.

ఆ తెల్లారే ఇనప్పెట్టె కొన్నాను. తుపాకీ అందులో, తూటాలు మరో పెట్టెలో, తాళంచెవులు మా ఆవిడ దగ్గర. ఇప్పటికీ అంతే. పామంటారా? ఓసారి వచ్చింది. పక్కింటాయన పొడుగాటి కర్రతో తోసి పంపించేశాడు. అది విషప్పామే కాదట!

కృష్ణగారి కౌబాయ్ సినిమా ఎప్పుడొచ్చినా ఈరోజుకీ ఈల వేస్తాను. మీరూ వెయ్యండి. కానీ ఇంటికొచ్చాక కందికంపతోనే సరిపెట్టుకోండి. జడ్జిగారు నా ఇంట్లోనే ఉన్నా, తీర్పు మాత్రం అమ్మే చెప్పింది.