గోడలు లేని యిల్లు

1998వ సంవత్సరము ఏప్రిల్ 20వ తేదీన అమెరికా దేశమునందలి షికాగో నగరములో కంప్యూటరు వర్తకుల ప్రదర్శన యొకటి జరుగుచుండెను. విండోస్ 98 అను క్రొత్త ఆపరేటింగ్ సిస్టమును లోకమునకు చూపుటకై మైక్రోసాఫ్ట్ సంస్థాధిపతియగు బిల్ గేట్స్ వేదికపై నిలిచియుండెను. ఆయన సహాయకుడు స్కానరు యంత్రపు తీగను తెచ్చి కంప్యూటరునకు తగిలించెను. తోడనే తెర యంతయు నీలమై, తెల్లని యక్షరములు నాలుగు కనబడి, యంత్రము కదలక మెదలక నిలిచిపోయెను. సభవారు గొల్లుమని నవ్విరి. ఈ సరకు ఇంకను అంగడికి రాకుండుటకు కారణమిదియే కాబోలునని గేట్సు తానును నవ్వి సర్దుకొనెను.

సభలోనైనచో నవ్వి యూరకుండవచ్చును. కాని తెలుగునాట శుభలేఖలను, కరపత్రములను, పుస్తకములను రాత్రింబవళ్లు కూర్చుండి అచ్చునకు సిద్ధము చేయు డి.టి.పి. పనివానికి ఆ నీలితెర నవ్వులాట కాదు. అప్పటికి భద్రపఱుపని పుటలన్నియు దానితో మాయమగుచుండెడివి.

కంప్యూటరులో నొకే కాలమున అనేక ప్రోగ్రాములు పనిచేయుచుండును. వానికి చోటు చూపి, వంతులు నిర్ణయించి, తగవులు తీర్చెడి ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టము. ఉమ్మడి కుటుంబమునకు ఇంటిపెద్ద యెట్టివాడో కంప్యూటరునకు అది యట్టిది. విండోస్ 98 నందలి పెద్ద మంచివాడే కాని, అతని యింటికి గోడలు సరిగా లేవు. పూర్వపు డాస్ పద్ధతిపై కట్టిన యిల్లగుటచే, పాతకాలపు 16 బిట్ల ప్రోగ్రాములన్నియు నొకే చావడిలో కాపురముండెడివి. వానిలో నొకటి తన వంతు విడువక కూర్చున్నచో తక్కినవి చేతులు ముడుచుకొని నిలువవలసినదే. క్రొత్తవగు 32 బిట్ల ప్రోగ్రాములకు వేఱు గదులున్నను, ఇంటిపెద్ద తన సొంత సామగ్రిని దాచుకొను చోటులో కొంత భాగమునకు తలుపు లేదు. ఏ ప్రోగ్రామైనను పొరపాటున అచ్చట చేయి పెట్టినచో ఇల్లంతయు కూలెడిది.

దాని కాలగణన మఱియు వింతయైనది. యంత్రము తెఱచినది మొదలు గడచిన కాలమును అది సెకండులో వెయ్యవ భాగములుగా లెక్కించెడిది. ఆ లెక్క 429,49,67,296 వఱకు మాత్రమే సాగి, మరల సున్నకు వచ్చును. అనగా నించుమించు 49 రోజుల 17 గంటలు. అంతకాలము ఆపకుండ నడపినచో విండోస్ 98 స్తంభించిపోవు లోపము కలదు. అయితే అన్ని దినములు నడుమ చెడకుండ నడచినప్పుడు గదా ఆ లోపము బయటపడుట!

2001వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన విండోస్ ఎక్స్‌పి వెలువడినది. ఇది పాత యింటికి వేసిన సున్నము కాదు. పునాది మార్చి కట్టిన యిల్లు. 1988లో మైక్రోసాఫ్ట్ సంస్థలో చేరిన డేవిడ్ కట్లర్ అను నిపుణుని నాయకత్వమున ఎన్‌టి యను వేఱొక వ్యవస్థ రూపొంది, 1993లో వెలువడియుండెను. కార్యాలయములకు పరిమితమైయున్న ఆ గట్టి పునాదిని ఎక్స్‌పి సామాన్యుల యిండ్లకు తెచ్చినది. ఇందు ప్రతి ప్రోగ్రామునకు గోడలు గల గది యున్నది. ఒకటి చెడినచో దానిని మాత్రము మూసివేయవచ్చును. తక్కినవి తమ పని చేసికొనుచుండును. యంత్రమునకు చేర్చిన పరికరములను నడపు డ్రైవరు ప్రోగ్రాములు చెడినప్పుడు మాత్రము ఎక్స్‌పి యందును నీలితెర వచ్చెడిది.

విండోస్ 98 తెఱచునప్పుడు సంకేతపదము అడిగెడిది గాని, దానిని వ్రాయక రద్దు మీటను నొక్కినను లోనికి రానిచ్చెడిది. తాళము వేసి చెవిని తలుపునకే వ్రేలాడదీసినట్లు! ఎక్స్‌పి అట్లు రానీయదు. ఎన్‌టిఎఫ్‌ఎస్ అను పద్ధతిలో, చేయబోవు మార్పులను ముందుగా చిట్టాలో వ్రాసికొనును గనుక, నడుమ కరెంటు పోయినను డిస్కు మీది యమరిక చెడకుండ చక్కబఱుచుకొనగలదు.

తెలుగువారికి వీనిని మించిన మేలు మఱొకటి కలిగినది. విండోస్ 98 కాలమున తెలుగు ఫాంటులు చేయువారు ఎవరికి తోచిన సంఖ్యలను వారు అక్షరములకు కేటాయించుకొనిరి. ఒక ఫాంటులో వ్రాసిన జాబు ఆ ఫాంటు లేని యంత్రములో అర్థములేని గుర్తుల గుంపుగా కనబడెడిది. యూనికోడ్ అను అంతర్జాతీయ పద్ధతిలో తెలుగునకు ప్రత్యేక స్థానము 1991లోనే యేర్పడినను, దానిని తెరపై చూపు సౌకర్యము సామాన్యుల యంత్రములలో లేదు. ఎక్స్‌పి తనతో గౌతమి యను తెలుగు ఫాంటును తెచ్చినది. గుణింతములను, ఒత్తులను కూర్చు నేర్పును తెచ్చినది. అయితే ఆ సౌకర్యము తనంత తాను పనిచేయదు. భాషల యమరికలోనికి పోయి, మూల సి.డి. పెట్టి స్థాపించుకొనవలెను. ఆ సంగతి తెలియక తెలుగునకు బదులు డబ్బాలను చూచి విసిగినవారెందఱో!

ఎక్స్‌పి నిర్దోషియనరాదు. విండోస్ 98 నకు 16 మెగాబైట్ల జ్ఞాపకశక్తి కనీసము చాలగా, దీనికి 64 కావలసివచ్చినది. పాత యంత్రములు కొన్ని మూలబడినవి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అను పురుగు ప్రోగ్రాము లోకమునందలి ఎక్స్‌పి యంత్రములను లక్షలకొలది పీడించినది. గదులకు గోడలు కట్టిరి గాని వీధివాకిలి కావలిని మేల్కొల్పియుంచరైరి. 2004 ఆగస్టులో వచ్చిన రెండవ సవరణతో ఆ కావలి తనంత తానే మేల్కొనియుండునట్లు చేసిరి.

2014 ఏప్రిల్ 8వ తేదీతో ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ వారి పోషణము ముగిసినది. అందులో యూనికోడు పద్ధతిని వ్రాసిన తెలుగు జాబును నేటి చేతిఫోనులో తెఱచినను అక్షరము చెదరదు. అంతకు ముందు పాత ఫాంటులలో వ్రాసిన పుటలను చదువవలెనన్న, వాని సంఖ్యలను యూనికోడు సంఖ్యలుగా మార్చు ప్రోగ్రామునకు ముందుగా అప్పగింపవలసియున్నది.