రాణిగారి వెంట మూడు రోజులు

జూలై నాలుగు సెలవులకి పులిహోర కలుపుకుని, రాత్రికి బాణసంచా చూసి పడుకుందామనుకున్నదాన్ని, మూడు రోజులు గుర్రం ట్రెయిలర్ కట్టిన ట్రక్కులో ఊళ్ళు తిరిగొచ్చానంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

మేముండేది కొలరాడోలో, డెన్వర్ పక్కన ఆరోరాలో. పక్కింటావిడ కూతురికి ఇరవై ఏళ్ళు. ఈ సంవత్సరం ఆ పిల్ల ఒక రోడియో క్వీన్. రోడియో అంటే మన ఎడ్లపందేల్లాంటి సంబరమనుకోండి. పొగరుబోతు ఎద్దు మీద ఎనిమిది సెకన్లు పడిపోకుండా కూర్చోవడం, పరిగెత్తే దూడకి తాడు విసిరి పట్టుకోవడం, గుర్రం మీద పీపాల చుట్టూ తిరిగి రావడం, ఇలాంటి పోటీలు. ఒక్కో ఊరి రోడియోకి ఒక్కో రాణి. గుర్రపు స్వారీ, మాటతీరు, చక్కగా కనబడడం, అన్నీ చూసి ఎంచుతారు. పదవి ఏడాది పాటు. జీతం లేదు. డీజిలు, బట్టలు చాలావరకు ఇంటి ఖర్చే.

జూలై నాలుగు చుట్టుపక్కల రోజుల్ని ఇక్కడివాళ్ళు కౌబాయ్ క్రిస్మస్ అంటారు. ఊరూరా రోడియోలే. పోటీ చేసేవాళ్ళు రాత్రుళ్ళు కూడా బండి నడుపుకుంటూ ఒకదాని తర్వాత ఒకదానికి పరిగెడతారు. రాణులకీ అంతే. పక్కింటాయన నడుము పట్టేసి మంచమెక్కాడు. "ఒక మనిషి సాయముంటే బావుణ్ణు" అంది ఆవిడ. మావారు "వెళ్ళిరా" అన్నారు. నాతోబాటు మా అమ్మాయినీ లాక్కెళ్ళాను. దానికి పదహారేళ్ళు. అప్పటికి రెండు నెలలుగా నాతో ఊఁ, ఉహూఁ తప్ప మాట్లాడడం లేదు. అదెందుకో తర్వాత చెప్తాను.

మొదటి సాయంత్రం ఒక చిన్న ఊళ్ళో రోడియో. మర్నాడు పొద్దున్న ఇంకో ఊళ్ళో ఊరేగింపు, మధ్యాహ్నం ఒక దాణా కొట్టు దగ్గర పిల్లలకి ఫోటోల మీద సంతకాలు, సాయంత్రం మళ్ళీ రోడియో. నాలుగో తారీకు పొద్దున్న గ్రీలీలో ఊరేగింపు, మధ్యాహ్నం మరో చోట. గ్రీలీలో ఈ సంబరం బంగాళదుంప రైతుల కోసం మొదలైందట.

నాకప్పజెప్పిన పని ఇస్త్రీ. రాణిగారి జీన్సుకి గంజి పెట్టాలి! అదీ అలా ఇలా కాదు, నిలబెడితే నిలబడేలా. మడత కత్తిలా ఉండాలి. బి.ఏ.లో ప్రబంధాలన్నీ చదువుకున్నాను కానీ, అమెరికా వచ్చాక నాకు నిజంగా పనికొచ్చిన విద్య మా నాయనమ్మ నేర్పిన గంజి పెట్టడమే. "ఎక్కడ నేర్చుకున్నావ్?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

జుట్టంతా రింగులు తిప్పి, స్ప్రే కొట్టి, టోపీకి కిరీటం బిగించి, టోపీ ఎగిరిపోకుండా జుట్టుకి పిన్నులు పెడుతుంటే అమ్మవారి అలంకారం గుర్తొచ్చింది. ఎండ మండిపోతోంది. ఆ పిల్ల నిండు చేతుల చొక్కా, రాళ్ళు కుట్టిన కోటు వేసుకుని, చెమట తుడుచుకోకుండా నవ్వుతోంది.

లౌడ్ స్పీకర్లో పేరు పిలవగానే ఒక చేత్తో కళ్ళెం, ఒక చేత్తో పెద్ద జెండా పట్టుకుని గుర్రాన్ని దౌడు తీయించింది. గాలికి జెండా వెనక్కి లాగుతోంది. చెయ్యి వణకలేదు. జనమంతా టోపీలు తీసి లేచి నిలబడ్డారు. నా గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. రాణి అంటే ఇక కూర్చుని చెయ్యి ఊపుతుందనుకున్నాను. లేదు. తాళ్ళ పోటీ అయ్యాక దూడల్ని మైదానం లోంచి బయటికి తోలేది కూడా ఈవిడే. దుమ్ములో మునిగిపోయి, అలాగే కంచె దగ్గరికొచ్చి పిల్లలతో ఫోటోలు. ఒక బుడ్డది "ఇది నిజం కిరీటమేనా?" అని అడిగితే, మోకాళ్ళ మీద కూర్చుని "పట్టుకు చూడు" అంది.

దూడ మెడకి తాడు బిగుసుకున్నప్పుడు మాత్రం నేను కళ్ళు మూసుకున్నాను, అది అబద్ధమెందుకు ఆడడం. ఎద్దులొచ్చినప్పుడు తెరిచాను. కొన్నిటికి మూపురం! అమెరికా బ్రాహ్మన్ జాతి పశువుల్లో మన ఒంగోలు రక్తం ఉందని, ఆ జాతి పోలిక ఈ ఎద్దుల్లో చాలావాటికి వస్తుందని అక్కడే తెలిసింది. మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. అంత దూరంలో పుట్టింటి చుట్టం కనబడ్డట్టయింది. మా అమ్మాయికి చెప్పబోయాను. అది అప్పటికే ఫోన్లో ఉంది.

ఇప్పుడు దాని సంగతి. ఏడేళ్ళప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. డిసెంబర్లో రంగప్రవేశం పెట్టుకున్నాం. మే నెలలో ఒకరోజు "అమ్మా, నాకిప్పుడు వద్దు" అంది. "హాలుకి అడ్వాన్సు కట్టేశాం, అమ్మమ్మ టికెట్ కొనేసింది, అందరికీ చెప్పేశాం" అన్నాను. అంతే. అది గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మూడో తారీకు రాత్రి గ్రీలీలో ట్రెయిలర్లోనే పడుకున్నాం. ముందు భాగంలో చిన్న గది, ఇరుకు మంచాలు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఏడుపు వినబడి మెలకువ వచ్చింది. ఆ పిల్ల బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు మడమలూ బొబ్బలెక్కి చితికిపోయాయి.

"ఈరోజు నావల్ల కాదమ్మా."

ఇక మొదలవుతుంది అనుకున్నాను. ఒప్పుకున్నాక వెళ్ళాలి, నలుగురూ ఏమనుకుంటారు, నీకోసం ఎంత ఖర్చు పెట్టాం... ఆ మాటలన్నీ నాకు కంఠతా వచ్చు.

ఆవిడ కూతురి కాళ్ళకేసి చూసి, "సరే. పది నిమిషాలు ఆలోచించుకో. వద్దంటే నేను ఫోన్ చేసి చెప్తాను. ఎవరైనా ఏమన్నా అంటే నన్నే అననీ" అని, గుర్రానికి గడ్డి వెయ్యడానికి బయటికి వెళ్ళిపోయింది. తలుపు కూడా చప్పుడు కాకుండా వేసింది.

నేను నిద్ర నటిస్తున్నాను. పక్కకి చూస్తే మా అమ్మాయి కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తోంది.

తర్వాత అదే లేచింది. తన సంచీలోంచి టేపు తీసి, ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని, మడమ చుట్టూ దూది పెట్టి కట్టింది. ఉత్త కాళ్ళతో తొమ్మిదేళ్ళు నేల మీద అడుగులు వేసిన పిల్ల కదా, ఎక్కడ ఒత్తుకుంటుందో, ఎక్కడ వదులుగా ఉంచాలో దానికి తెలుసు. ఇద్దరూ గుసగుసగా ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. పది నిమిషాలయ్యాక అమ్మ లోపలికొస్తే, "పొద్దుటిది వెళ్తాను, మధ్యాహ్నానిది వద్దు" అంది ఆ పిల్ల. ఆవిడ అప్పుడే ఫోన్ చేసి మధ్యాహ్నానిది రద్దు చేసింది. ఆకాశమేమీ ఊడిపడలేదు.

తిరుగు ప్రయాణంలో రాణిగారు ముందు సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. వెనక సీట్లో నేను మెల్లగా తెలుగులో అడిగాను.

"నీకెందుకు వద్దనిపించిందే?"

"ఇప్పుడడుగుతున్నావా?" అంది. ఆ మాటకి నాదగ్గర జవాబు లేదు.

కాసేపటికి అదే చెప్పింది. "డాన్స్ వద్దనలేదమ్మా. నాలుగువందల మందిని పిలుస్తున్నావు, అందులో నాకు తెలిసినవాళ్ళు పదిమంది. కార్డు మీద ఫోటో కూడా నువ్వే ఎంచావు. అది నాది అనిపించలేదు."

తప్పెవరిదో తేల్చుకోవడానికి గ్రీలీ నుంచి ఆరోరా దాకా గంట దారి సరిపోలేదు. ఇంటికొచ్చాక హాలు వాళ్ళకి ఫోన్ చేశాను. అడ్వాన్సు తిరిగి రాదన్నారు. మావారు కాసేపు గొణిగారు. డాన్స్ క్లాసుకి మాత్రం అది ప్రతి శనివారం తనంతట తనే బయల్దేరుతోంది. రంగప్రవేశం ఎప్పుడో నేను అడగడం లేదు. అడగాలని నాలుక కొస దాకా వస్తుంది, అది వేరే సంగతి.

అందరికంటే కష్టం మా అమ్మకి చెప్పడం. ఫోన్లో ఈ కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, "అందుకని డిసెంబర్లో లేదమ్మా" అన్నాను. అటు చాలాసేపు చప్పుడు లేదు. టికెట్ గురించి అంటుందని చూస్తున్నాను.

"ఇంతకీ ఆ గుర్రప్పిల్లకి కాళ్ళు తగ్గాయా?" అంది అమ్మ.