పొద్దున్నే పిట్టలు... తర్వాతే ఆటలు!

వైజాగ్ ట్రిప్ అనగానే పిల్లలు లిస్టు రాసేస్తారు. కైలాసగిరి రోప్‌వే, టాయ్ ట్రైన్, జలాంతర్గామి, జూ, బీచ్ రోడ్డు పార్కు, సాయంత్రం ఇసుకలో ఆటలు, చివర్లో ముంత మసాలా. అందులో పక్షులకు మాత్రం చోటుండదు. ఇంట్లో ఏ ఒక్కరికో పిట్టల పిచ్చి ఉందా... ఇక వాళ్ల బైనాక్యులర్స్ సూట్‌కేసు అడుగునే ఉండిపోతాయి. ధైర్యం చేసి బయటికి తీస్తే, 'మాతో వచ్చావా, పిట్టల కోసం వచ్చావా?' అన్న సాధింపు అదనం!

నిజానికి ఈ గొడవే అక్కర్లేదు. పిట్టల టైమ్‌టేబుల్ వేరు, పార్కులది వేరు. తెల్లారాక రెండు మూడు గంటలే పక్షుల సందడి ఎక్కువ. జూ, మ్యూజియాలు తలుపులు తెరిచేది ఆ తర్వాతే. కాబట్టి పక్షుల కోసం సెలవు రోజునేమీ త్యాగం చేయక్కర్లేదు. కాస్త నిద్ర మానుకుంటే చాలు. సముద్రం, అడవి, చెరువు పక్కపక్కనే ఉన్న విశాఖలో అది మరీ తేలిక.

హార్బర్‌లో తొలిపాఠం

పిల్లలకు మొదటిరోజే ఆకుల చాటున దాక్కునే చిన్న పిట్టను చూపిస్తే విసుగొస్తుంది. అందుకే ఫిషింగ్ హార్బర్‌తో మొదలుపెట్టండి. వేట ముగించుకుని వచ్చిన పడవలు చేపలు దించే వేళకు తలల మీదే గద్దలు గిరికీలు కొడుతుంటాయి. తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలు ఉంటే గరుడ పక్షి. పెద్దవాళ్లు దండం పెట్టుకునేది దీనికే. ఒళ్లంతా ముదురు గోధుమరంగులో ఉండి, తోక చివర చీలినట్టుంటే నల్లగద్ద. ఈ రెండింటికీ తేడా కనిపెట్టేసిన పిల్లలు ఆ రోజంతా ఆకాశం వైపు చూస్తూనే ఉంటారు. చలికాలమైతే సముద్రకాకులు కూడా కనిపిస్తాయి.

అదే రోజు సాయంత్రం కైలాసగిరి ఎక్కండి. పొద్దున తల పైకెత్తి చూసిన గద్దే అక్కడ మీ కాళ్లకింద లోయలో తేలుతూ కనిపించొచ్చు. గద్ద వీపును పైనుంచి చూసే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి!

బోను బయట ఎన్ని?

1977లో మొదలైన ఇందిరాగాంధీ జూపార్కు దాదాపు 625 ఎకరాల్లో ఉంది. దీనికి ఆనుకునే సుమారు 71 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం. పొద్దున్నే కంబాలకొండ ఎకో పార్కు బాటలో నడక, ఎండెక్కాక జూ... రెండూ ఒకే పూటలో అయిపోతాయి. అడవిలో నెమలి కూత వినిపిస్తుంది. అదృష్టం బాగుంటే తెల్లటి రిబ్బన్‌లాంటి పొడవాటి తోకతో తోకపిగిలి పిట్టా కనిపిస్తుంది.

ఇక జూలో పిల్లలకో పందెం పెట్టండి: 'బోనులో లేని పక్షులెన్ని?' నీళ్ల దగ్గర లకుముకి, తీగ మీద పసరికపిట్ట, పొదలో జెముడుకాకి, పూల దగ్గర తేనెపిట్ట. పులి ఎన్‌క్లోజర్ ముందు అందరూ పులి కోసం ఎదురుచూస్తుంటే, మీవాళ్లు పక్కనున్న చెట్టుకేసి చూస్తుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరంలో చెట్లను కూకటివేళ్లతో పెకలించేసింది. పక్షులకు చెట్టంటే ఏంటో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

దోనె ఎక్కితే అదే రైడ్

ఒక్కరోజు మాత్రం ఊరు దాటి వెళ్లాలి. ప్రస్తుతం అనకాపల్లి జిల్లాలో ఉన్న కొండకర్ల ఆవ, విశాఖకు 50 కిలోమీటర్లలోపే. తాటి మానుల్ని తొలిచి, రెండేసి జతగా కట్టిన దోనెల్లో తామరల మధ్య షికారు తిప్పుతారు. పిల్లలకు అదే రైడ్. పెద్దవాళ్లకు మాత్రం పక్షుల కొలువు. ఆకు మునగకుండా దానిమీదే నడిచే జకానా, ఊదారంగు నీటికోడి, రెక్కలారబెట్టుకునే నీటికాకి, నత్తల్ని వెతుక్కునే నత్తగుల్లకొంగ... శీతాకాలంలో వీటికి వలస బాతులు తోడవుతాయి. మధ్యాహ్నానికి తంతడి బీచ్‌కి చేరుకుంటే పిల్లల కోటా కూడా పూర్తి!

అయితే ఈ ఆవను గుర్రపుడెక్క, పూడిక, ఆక్రమణలు ఏళ్ల తరబడి పీడిస్తున్నాయి. రోప్‌వే పాతదైతే కొత్తది కట్టుకోవచ్చు. వేల మైళ్ల నుంచి వచ్చిన బాతుకు ఆవ దొరక్కపోతే దానికి మరో ఆవను కట్టివ్వలేం. దోనెలో కూర్చుని ఒక పక్షి పేరు నేర్చుకున్న పిల్లాడు, రేపు ఆ నీళ్లకేమైనా అయితే ఊరుకోడు. సెలవుల్లో రెండు గంటలు ఖర్చుపెట్టడానికి అసలు కారణం అదే.

అరకులో పిచ్చుక పరీక్ష

అరకు వెళ్లేవాళ్లకు చిన్న పరీక్ష. అక్కడ పిచ్చుక కనిపిస్తే బుగ్గ చూడండి. తెల్లటి బుగ్గ మీద నల్లమచ్చ, తలమీద ముదురు ఎరుపు టోపీ ఉంటే అది ఊరపిచ్చుక కాదు, చెట్టుపిచ్చుక. ఈ పక్షి తూర్పు కనుమల్లో ఉందని కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, ట్రెవర్ ప్రైస్ 1973లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో రాశారు. మామూలు పిచ్చుకే కదా అని వదిలేస్తే ఈ సంగతి తెలిసేది కాదు!

వెళ్లేముందు...

* అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. 
* నాలుగు రోజుల ట్రిప్పులో రెండు ఉదయాలు చాలు. రోజూ లేపితే పిల్లలు ఎదురుతిరుగుతారు.
* జూకి సోమవారం సెలవు. ఎకో పార్కు ప్రవేశ వేళలు ముందురోజే కనుక్కోండి.
* ముదురు రంగు దుస్తులొద్దు. గట్టిగా మాట్లాడకూడదు, ఫోన్లో పక్షి కూతలు వినిపించి పిలవకూడదు.
* బైనాక్యులర్స్ ఒక్కటే ఉంటే వంతులు వేసుకోండి. మొదటి వంతు మాత్రం చిన్నవాళ్లదే!