తేలినీలాపురం నుంచి ఉద్దానం దాకా ఒక చిన్న కెమెరాతో

‘మా అబ్బాయి మిర్రర్‌లెస్ కెమెరా కావాలంటున్నాడు, కొనిపెట్టవచ్చునా?’ అని మదర్సాకు వచ్చే తల్లిదండ్రులు ఈమధ్య తరచుగా అడుగుతున్నారు. కొందరిది ధర బెంగ, కొందరిది ధర్మసందేహం. మా పూర్వ విద్యార్థి ఒకరు అటువంటి కెమెరాతోనే గత జనవరిలో మమ్మల్ని టెక్కలి ప్రాంతానికి తీసుకువెళ్లారు. ఒక పగలంతా దాని పనితీరును పక్కనే ఉండి గమనించే అవకాశం మాకు కలిగింది.

అది సోనీ ఆల్ఫా 6400, 2019లో వచ్చిన మధ్యస్థాయి నమూనా. బ్యాటరీతో కలిపి 403 గ్రాములు. జుబ్బా జేబులో పట్టదు గాని, చేతిసంచిలో టిఫిను డబ్బా పక్కన హాయిగా ఇముడుతుంది. వెనుకటి పెద్ద కెమెరాలలో కటకానికీ ఫిల్ముకూ నడుమ ఒక అద్దం ఉండేది. మీట నొక్కినప్పుడల్లా అది టపీమని పైకి లేచేది. వీటిలో ఆ అద్దం లేదు. కనుకనే శరీరం చిన్నది, కావాలంటే చప్పుడూ ఉండదు. చీకటి గదిలోకి సన్నని రంధ్రం గుండా ప్రవేశించే వెలుగు బయటి వస్తువు ఆకారాన్ని ఎలా నిలుపుతుందో బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ పదకొండవ శతాబ్దంలోనే పరిశీలించారు. గ్రహణవేళ అలా పడే నెలవంక ఆకారం మీద ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. ఈ పెట్టె ఆ చీకటి గదికి మునిమనుమరాలు.

ఇక ధర్మసందేహం. ప్రాణుల ఛాయాచిత్రాల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ దీనిని నీడను పట్టి నిలపడంగా భావించి అనుమతించారు. దేవ్‌బంద్ పెద్దలు పలువురు అవసరం లేనిదే తగదన్నారు. ఆ చర్చను ఇక్కడ తేల్చబోము. అయితే ఆ రోజు మా మనసును పట్టుకున్న ప్రశ్న వేరొకటి.

టెక్కలికి దగ్గరలోనే తేలినీలాపురం. ఏటా వానకాలం చివర గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీదనే గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని పర్యాటకులకు చెబుతుంటారు గాని, ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులను చూసుకున్నట్లు ఊరివారు వాటిని కాచుకుంటారు. నెత్తి మీద రెట్ట పడినా విసుక్కోరు!

కెమెరాతో ఇచ్చే చిన్న కటకంలో గూడు ఒక చుక్కగా కనిపించింది. ‘ఉస్తాద్, ఇంకాస్త దగ్గరికి వెళదామా?’ అన్నాడు మా శిష్యుడు. దగ్గరికి వెళితే తల్లి ఎగిరిపోతుంది, పిల్లలు ఎండకు గురవుతాయి. దూరం నుంచి తీయాలంటే పెద్ద కటకం కావాలి. అదే కంపెనీ 200-600 కటకం బరువు రెండు కిలోల పైమాటే, అంటే కెమెరాకు అయిదింతలు. చిన్నదని కొన్న వస్తువు అక్కడితో చిన్నది కాకుండా పోతుంది. ఈ చిక్కును దుకాణంలో ఎవరూ చెప్పరు. మేము కావలి గోపురం దగ్గరే ఆగిపోయాము. 24 మెగాపిక్సెళ్ల చిత్రం గనుక, ఇంటికి వచ్చి చుట్టూ కత్తిరించినా చూడదగినంత మిగిలింది.

మనుషుల కళ్లను, కుక్క పిల్లి కళ్లను ఈ కెమెరా తనంతట తానే వెతికి పట్టుకుంటుంది. పక్షి కంటిని గుర్తించే విద్య మాత్రం దీనికి లేదు. చప్పుడు లేని పద్ధతిలో సెన్సార్ చిత్రాన్ని వరుసవరుసగా చదువుతుంది. కనుక ఈ తరగతి కెమెరాలలో ఎగిరే రెక్క వంకరగా పడే ప్రమాదం ఉన్నది. గూటిలో కుదురుగా కూర్చున్న పక్షికి మాత్రం ఆ నిశ్శబ్దం ఒక వరమే.

నౌపడ ఉప్పుమడుల దగ్గర ఇంకొక సంగతి తెలిసింది. తెల్లని కుప్పను చూసి కెమెరా వెలుగు ఎక్కువైందని భ్రమిస్తుంది, ఉప్పును బూడిద రంగుకు దించుతుంది. చేత్తో వెలుగును ఒక మెట్టు పెంచితేనే ఉప్పు ఉప్పులా కనిపిస్తుంది. తీరం వెంట ఇసుక గాలిలో కటకం మార్చకూడదు. అడ్డుగా అద్దం లేదు గనుక దుమ్ము నేరుగా సెన్సార్ మీదికే పోతుంది.

జుహ్ర్ నమాజు తరువాత పలాస మీదుగా ఉద్దానం పల్లెల వైపు మళ్లాము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను నేలకూల్చిన కొబ్బరి, జీడి తోటల చోట మళ్లీ పచ్చదనం లేచింది. అయితే ఈ నేల పేరు చెప్పగానే లోకానికి గుర్తుకు వచ్చేది మూత్రపిండాల వ్యాధి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. వ్యాధికి మూలం ఇదీ అని మాత్రం నేటికీ తేలలేదు.

ఊరిలో అడుగుపెట్టకముందే మా శిష్యునితో ఆ నిశ్శబ్ద పద్ధతిని తీసివేయించాము. పక్షికి మేలు చేసిన నిశ్శబ్దమే మనిషి విషయంలో దొంగచూపు అవుతుంది. పరుల గుట్టు వెదకడాన్ని అల్లాహ్ సూరా అల్ హుజురాత్‌లో వారించాడు. గొంతుకు వేలాడే పెద్ద కెమెరాను చూస్తే ఎదుటివారు జాగ్రత్తపడతారు. ఇది అరచేతిలో దాగుతుంది. దుకాణదారు గుణంగా చెప్పే ఈ చిన్నతనాన్నే తల్లిదండ్రులు ఎక్కువ ఆలోచించాలని మా అభిప్రాయం.

ఒక ఇంటి అరుగు మీద, డయాలసిస్ చేయించుకొని వచ్చిన పెద్దాయన కూర్చుని ఉన్నారు. కొబ్బరాకుల సందులోంచి సాయంత్రపు వెలుగు ఆయన చేతి మీద పడుతున్నది. ఫొటో తీసుకోవచ్చునా అని అడిగాము.

‘ఫొటోలు శానామంది తీసీసుకెళ్లారు సాయిబు గారూ,’ అన్నారాయన. ‘మీరు ముందు కూకోండి. మంచినీళ్లు తాగండి.’

కూర్చున్నాము. కెమెరా సంచిలోకి వెళ్లింది. మాటల మధ్య, తీసుకెళ్లినవారిలో ఒక్కరైనా మళ్లీ చూపించారా అని మా శిష్యుడు అడిగాడు. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపారు. లేవబోతుండగా ఆయనే మనవరాలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ‘ఇద్దరికీ కలిపి ఒకటి తీయండి, కాయితం మీద ఇచ్చినట్లయితేనే,’ అన్నారు.

అప్పటికి వెలుగు తగ్గింది. చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఈ కెమెరా శరీరంలో లేదు. మా శిష్యుడు అరుగు స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి నాలుగు తీశాడు. వాటిలో ఒకటి నిలిచింది. మర్నాడు కాశీబుగ్గలో రెండు ప్రతులు వేయించి, ఆ పల్లెకు వెళ్లే ఆటోలో పంపించాము.