కనబడని కారణాంకం

ఒక సంఖ్య సంయుక్త సంఖ్య అని నిరూపించాలంటే దాని కారణాంకాలు చూపాలి. చిన్ననాటి లెక్కల పుస్తకం నాకు నేర్పిన న్యాయం ఇది. 91 పైకి ప్రధాన సంఖ్యలాగే కనబడుతుంది. 7ను, 13ను తెచ్చి ఎదుట నిలబెడితే వాదన ముగిసిపోతుంది. ఈ న్యాయానికి లొంగని సంఖ్య ఒకటి చాలాకాలంగా నన్ను వదలడం లేదు. 2 యొక్క 10,48,576వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చేది అది. పేరు ఇరవయ్యవ ఫెర్మా సంఖ్య. దానిలో 3,15,653 అంకెలున్నాయి. పుటకు రెండువేల చొప్పున అచ్చు వేస్తే నూటయాభై పుటలు దాటే గ్రంథం.

2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతాలకు ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఇక ముందు వచ్చేవీ అంతేనని పదిహేడవ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. (వీటిని సున్న నుంచి లెక్కిస్తారు; 3 సున్నవది, 65537 నాలుగవది.) 1732లో ఆయిలర్ అయిదవదైన 4294967297ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపి ఆ నమ్మకాన్ని తీసివేశాడు. అతడు గుడ్డిగా వెతకలేదు. కారణాంకమంటూ ఉంటే అది 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలని ముందు తేల్చుకున్నాడు. పదిసార్లు అరవైనాలుగు, దానికొకటి: 641.

1877లో పెపాన్ చూపిన దారి వేరు. 17ను పరీక్షించాలనుకోండి. 3తో మొదలుపెట్టి వర్గం చేస్తే 9. మళ్ళీ వర్గం 81. దాన్ని 17తో భాగిస్తే శేషం 13. దాని వర్గం 169, శేషం 16. పరీక్షిస్తున్న సంఖ్యకంటే సరిగ్గా ఒకటి తక్కువ గనుక 17 ప్రధాన సంఖ్య. ఇక్కడ మూడుసార్లు వర్గం చేశాము. ఇరవయ్యవ ఫెర్మా సంఖ్యకైతే 10,48,575 సార్లు చేయాలి. ప్రధాన సంఖ్య అయితే చివరికి ఆ శేషం వచ్చి తీరాలి. రాకపోతే సంయుక్తమే. అయితే ఆ వచ్చిన శేషం, కారణాంకం ఎక్కడుందో ఒక్క ముక్క చెప్పదు.

యంగ్, బ్యూయెల్ అనే ఇద్దరు సూపర్ కంప్యూటరుపై ఈ పని చేయించి, ఇరవయ్యవది సంయుక్తమేనని 1988లో ప్రచురించారు. నేటివరకూ దాని కారణాంకం ఒక్కటీ ఎవరికీ దొరకలేదు.

మన తార్కికులు కొండమీది పొగను చూసి నిప్పును తెలుసుకోవడాన్ని అనుమాన ప్రమాణమన్నారు. ఆయిలర్‌ది ప్రత్యక్షం, పెపాన్‌ది అనుమానం అని సరిపెట్టుకుందామని చూశాను గాని, నాకు తృప్తి కలుగలేదు. కొండమీది నిప్పు కంటికి దూరంగా ఉంది గనుక అనుమానం కావలసివచ్చింది. ఈ సంఖ్యలో దాగినది ఏముంది? ప్రతి అంకె మనకు తెలుసు. చివరి అంకె ఏడని కంప్యూటరు లేకుండానే చెప్పవచ్చు. అంతా కళ్ళెదుటే పరచి ఉండగా దాని లోపలి విభజన మాత్రం కనబడదు. దూరం వల్ల కలిగే అజ్ఞానం నాకు అర్థమవుతుంది. ఈ రకం అజ్ఞానానికి నేనింకా అలవాటుపడలేదు.

పధ్నాలుగవ ఫెర్మా సంఖ్య కథ కొంత ఊరట. 4,933 అంకెల ఆ సంఖ్య సంయుక్తమని 1960ల తొలినాళ్ళలోనే తేలింది. మొదటి కారణాంకం 2010లో గాని దొరకలేదు. అది 54 అంకెలది. దానితో భాగించగా మిగిలిన 4,880 అంకెల భాగఫలం కూడా సంయుక్తమేనట! దాని కారణాంకాలు మళ్ళీ తెలియవు.

ఇరవయ్యవదాని కారణాంకం ఏదైనా సరే, 41,94,304 గుణిజానికి ఒకటి కలిపినదై ఉండాలి. రూపురేఖలు ఇంత స్పష్టంగా తెలుసు. ఆ గుణిజాల వెంట కంప్యూటర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.