కార్డు కథ

పోస్టుకార్డులో పట్టే కథ రాయాలని ఈ వేసవిలో నాకూ సరదా పుట్టింది. 1910లో గురజాడవారి ‘దిద్దుబాటు’కే కొన్ని పేజీలు పట్టాయి గదా, నాకు కార్డు చాలుతుందా అనుకుంటూనే మా ఆవిడతో నూజివీడు బస్టాండులో కూర్చున్నాను. చిన్నరసాల గంప ముందున్న ముసలమ్మ, ఏడుస్తున్న ఎవరి పిల్లవాడికో ఊరికే ఓ పండిచ్చింది. కథ దొరికింది! ఇంటికి రాగానే రాసి, చివర నీతివాక్యం కూడా తగిలించాను.

మా ఆవిడ చదివి, “డజనుకు పది రూపాయలు తగ్గించమని ఆవిడతో మీరాడిన బేరమేదీ?” అంది.

“చోటు చాలలేదు.”

“నీతికి చాలిందిగా!”

నీతి కొట్టేశాను. ఆ చోట నా బేరం సరిగ్గా పట్టింది. కథ కాస్త పులుపెక్కింది గాని, కథయింది.